అంతర ఇంజెక్షన్ నుంచి కాపర్ టీ దాకా: నెలసరి లెక్కపెట్టే ఇంట్లో ఒక కేసు

ఈ కేసులో మొదట ఎంచుకున్న గర్భనిరోధక పద్ధతికి, అంటే మూడు నెలలకొకసారి వేసే అంతర ఇంజెక్షన్‌కి, వైద్యపరంగా వంక పెట్టడానికేమీ లేదు. మందు తన పని తాను చేసింది, గర్భం రాలేదు. అయినా ఆ ఇంట్లో అది ఆరు నెలలకు మించి నిలవలేదు. ఎందుకు నిలవలేదో రాసిపెడితే ఇదే పని చేసే మరికొందరికి పనికొస్తుందనిపించింది. ఈ కేసులోని అమ్మాయి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరి పేరు రాయలేదు. గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

మా పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి వైపు, కనిగిరి ప్రాంతంలో ఉంది. వాన పడితే కంది, పొగాకు, పడకపోతే వలస. వయసులో ఉన్న మగవాళ్ళు మేస్త్రీల వెంట బెంగళూరుకో హైదరాబాదుకో సెంట్రింగ్ పనికి, కాంక్రీటు పనికి పోతారు. సంక్రాంతికి, ఉగాదికి, ఊళ్ళో తిరునాళ్ళకి, ఓట్లకి వస్తారు. వారమో పది రోజులో ఉండి వెళ్ళిపోతారు. కొత్తగా పెళ్ళయిన ఆడపిల్లలు చాలామంది అత్తల దగ్గరే ఉంటారు. ఉగాది వెళ్ళిన రెండు నెలలకు నెల తప్పిందని మా ఓపీకి వచ్చేవాళ్ళు పెరగడం ఇక్కడ పనిచేసే నర్సులందరికీ తెలిసిన సంగతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో 70.8 శాతం ఆధునిక గర్భనిరోధక పద్ధతి వాడుతున్నారు. వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ 70.8లో 69.6 ఆడవాళ్ళు చేయించుకున్న ఆపరేషనే. మాత్రలు, గర్భసంచిలో పెట్టే కాపర్ టీ, ఇంజెక్షన్, నిరోధ్, మగవాళ్ళ ఆపరేషన్ అన్నీ కలిపినా మిగిలేది ఒక్క శాతం పైచిలుకు. అంటే మా ప్రాంతంలో కుటుంబ నియంత్రణ అంటే ఇద్దరు పిల్లల్ని వెంటవెంటనే కని, పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్ చేయించుకుని ఒడ్డున పడటం. మొదటి కాన్పుకీ రెండో కాన్పుకీ మధ్య ఏం వాడాలన్న ప్రశ్న చాలా ఇళ్ళల్లో అసలు పుట్టదు. అదే సర్వేలో 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయిపోయింది. కాబట్టి ఆ మధ్య కాలం పడేది సరిగ్గా వాళ్ళ ఇరవయ్యో ఏటికి అటూ ఇటూగానే.

వచ్చిన సమస్య

జూన్ మొదట్లో ఆశా కార్యకర్త ఒక 21 ఏళ్ళ అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చింది. రెండు వారాలుగా రక్తస్రావం. ముఖం పాలిపోయి ఉంది, నాడి వేగంగా కొట్టుకుంటోంది, హిమోగ్లోబిన్ 8.6. ఏడాది దాటిన ఆడపిల్ల ఒళ్ళో ఉంది, పాలు మాన్పించలేదు. మొదటి కాన్పు సిజేరియన్.

మొదట రెండు రోజులు ఆలస్యమైన ముట్టు అని చెప్పింది. కుట్టు ఉందా, స్కాన్ తీశారా అని మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఉగాదికి భర్త వచ్చి వెళ్ళాక నెల తప్పింది. వదిన వరసయ్యే ఆవిడ మెడికల్ షాపులో గర్భస్రావం మాత్రల కిట్ తెచ్చిపెట్టింది. చీటీ లేదు, ఎన్ని వారాలో తెలియదు, గర్భం గర్భసంచిలోనే ఉందో లేదో చూసినవాళ్ళు లేరు. గర్భస్రావం మాత్రలు డాక్టరు చూసి, తొమ్మిది వారాల లోపు ఇవ్వాల్సినవి. పైగా ఈ అమ్మాయికి గర్భసంచి మీద ఏడాది నాటి కుట్టు ఉంది. వెంటనే ఏరియా ఆస్పత్రికి పంపాం. లోపల ముక్కలు మిగిలిపోయాయని స్కాన్‌లో తేలింది, శుభ్రం చేసి పంపారు.

అక్కడే, ఆ రోజే ఏదో ఒక పద్ధతి మొదలుపెట్టాల్సిందని పుస్తకం చెబుతుంది. గర్భస్రావం తర్వాత పది పదకొండు రోజులకే మళ్ళీ అండం విడుదల కావచ్చు కాబట్టి అది సరైన మాటే. అక్కడి నర్సు అడిగిందట కూడా. పక్కన అత్త నిలబడి ఉంది. ఈ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. వారం తర్వాత అత్త లేకుండా ఆశాతో మా దగ్గరికి వచ్చింది.

ఏమేం ఆలోచించాం

ముందు తనకేం కావాలో అడిగాను. రెండో బిడ్డ కావాలి, ఇప్పుడే వద్దు. డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆగిపోయింది, మిగిలిన పరీక్షలు రాయాలి. "ఎవరికీ తెలీకుండా ఉండేది ఏందన్నా ఉంటే అది ఇయ్యండి మేడమ్" అంది.

అంతకుముందు మాలా-ఎన్ (రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్ర) వాడిందని ఆశా చెబితే ఆ షీటు తెమ్మన్నాను. కందిపప్పు డబ్బాలో దాచిందట, రేకు మడతల్లో పప్పు పొట్టు ఇరుక్కుని ఉంది. 28 మాత్రల్లో 21 తెల్లవి, 7 ఇనుము మాత్రలు. తెల్లవాటిలో ఒక మూల నాలుగు, మధ్యలో రెండు, ఇంకో వరసలో మూడు ఖాళీ అయి ఉన్నాయి. ఇనుము మాత్రలు ఒక్కటి కూడా కదల్లేదు. సంక్రాంతికి భర్త ఉన్నన్నాళ్ళూ వేసుకుంది, బెంగళూరు బస్సెక్కగానే మానేసింది. ఉగాదికి ఆయన వచ్చిన రాత్రి మళ్ళీ మొదలుపెట్టింది. "ఊళ్ళో లేనప్పుడు మాత్ర ఎందుకు మేడమ్ మింగేది?" అన్న ప్రశ్నలో తప్పేం లేదు. కానీ నెల మధ్యలో మొదలుపెట్టిన మాత్రకు కనీసం ఏడు రోజులు వరసగా వేసుకుంటేనే రక్షణ వస్తుంది. ఆయన ఉండేదే పది రోజులు. మాత్ర పనిచేయడం మొదలయ్యేసరికి ఆయన పెట్టె సర్దుకుంటాడు. క్రమం తప్పకుండా వేసుకో అని ఇంకోసారి గట్టిగా చెప్పి పంపితే ఆ లెక్క మారదు. అందుకని మాలా-ఎన్ వదిలేశాం.

నిరోధ్ సంగతి అడిగితే నవ్వింది. కొనడానికి ఆయనకు సిగ్గు లేదట. ఒకే గది ఇల్లు, మరుగుదొడ్డి బయట, ఊడ్చేది అత్త. వాడింది ఎక్కడ పారేయాలి? ఈ ప్రశ్న ఏ కౌన్సెలింగ్ కార్డులోనూ ఉండదు గానీ ఇక్కడ చాలామందిని ఆపేది ఇదే.

ఛాయ మాత్ర పాలిచ్చే తల్లికి మంచిదే, హార్మోన్ కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికొకటి. అయితే భర్త లేని నెలల్లో మాత్ర మానేసే మనిషి దీన్నీ మానేస్తుంది. చేతిలో ఉన్న షీటే అందుకు సాక్ష్యం.

కాపర్ టీ నా మొదటి ఎంపిక. భర్త ఉన్నా లేకపోయినా దాని పని అది చేసుకుపోతుంది, 380ఏ రకమైతే పదేళ్ళు ఉంటుంది, తీసేస్తే వెంటనే పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. కానీ పేరెత్తగానే ముఖం మార్చుకుంది. వీధిలో ఎవరికో లూపు గుండెల్లోకి ఎక్కిందని, బరువులెత్తితే జారిపోతుందని, మగవాళ్ళకు గుచ్చుకుంటుందని చిన్నప్పటి నుంచి విన్న మాటలు. గర్భసంచిలో పెట్టింది గుండెకు పోవడానికి దారే లేదని చెప్పాను. విన్నది, నమ్మలేదు. హిమోగ్లోబిన్ 8.6 ఉన్నప్పుడు నెలసరి ఎక్కువయ్యే పద్ధతిని పట్టుబట్టి పెట్టాలని నాకూ లేదు.

మిగిలింది అంతర. మూడు నెలలకొక ఇంజెక్షన్. 2017 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. పాలకు ఇబ్బంది లేదు. నెలసరి తగ్గుతుంది కాబట్టి రక్తహీనత ఉన్నవాళ్ళకు ఒక రకంగా మేలు. ఇంట్లో దాచుకోవాల్సిన షీటు లేదు, పారేయాల్సింది లేదు. ఎవరికీ తెలియకూడదన్న కోరికకు ఇంతకంటే అతికే పద్ధతి లేదు. మొదట్లో కొద్దికొద్దిగా రక్తపు మచ్చలు కనబడొచ్చని, తర్వాత్తర్వాత నెలసరి ఆగిపోవచ్చని, చివరి ఇంజెక్షన్ తర్వాత గర్భం రావడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చని చెప్పాం. అన్నీ విని "ఆగిపోతే ఇంకా మంచిదే గదా" అంది. ఇనుము మాత్రలతో పాటు మొదటి డోసు ఇచ్చాం.

ఎక్కడ చెడింది

మొదటి మూడు నెలలు మచ్చలు. ఒక వారం ఉండి, నాలుగు రోజులు ఆగి, మళ్ళీ పది రోజులు. వైద్యపరంగా ఇది ఊహించిందే, ప్రమాదం లేదు. కానీ ఆ ఇంట్లో ముట్టయితే బయట కూర్చోవాలి. వసారాలో చాప, వేరే చెంబు, వేరే పళ్ళెం. వంట చేయకూడదు, పచ్చళ్ళ జాడీ ముట్టకూడదు. నెలకు మూడు రోజులు సాగే ఏర్పాటు అది. పద్నాలుగు రోజులు బయటుంటే పొయ్యి దగ్గరికి పోయేదెవరు, పొలం పోయేదెవరు? అత్త విసుక్కుంది. ఈ అమ్మాయి మచ్చ కనబడినా చెప్పకుండా దాచడం మొదలుపెట్టింది. శ్రావణ శుక్రవారం పూజలో కూర్చున్నందుకు లోపల్లోపల ఎంత భయపడిందో చాలాకాలం తర్వాత చెప్పింది.

సెప్టెంబరులో రెండో డోసు వేయించుకుంది. ఆ తర్వాత నెలసరి పూర్తిగా ఆగిపోయింది. తనకు హాయిగానే ఉంది. హిమోగ్లోబిన్ 10 దాటింది. మా రిజిస్టరులో చూస్తే అంతా సవ్యంగా ఉన్న కేసు.

కార్తీక మాసం వచ్చేసరికి కోడలు బయట కూర్చోక మూడు నెలలైందని అత్త లెక్క కట్టింది. కొడుకు చివరిసారి వచ్చింది జూన్‌లో, కోడలిని ఆస్పత్రిలో పెట్టారని తెలిసి. ఇక వీధిలో ఆ లెక్క ఎటు పోయిందో వేరే చెప్పక్కర్లేదు. ఎవరో బెంగళూరుకు ఫోన్ కొట్టారు. భర్త ఫోన్‌లో అరిచాడు. అత్త మాట్లాడటం మానేసింది. ఎవరికీ తెలియకుండా ఉండాలని ఎంచుకున్న పద్ధతి ఈ అమ్మాయి మీద ఊరందరికీ అనుమానం కలిగేలా చేసింది.

నవంబరు చివర్లో ఒంటరిగా వచ్చి కూర్చుంది. "కడుపు లేదని కాగితం మీద రాసియ్యండి మేడమ్."

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాల్సి వచ్చింది. మూత్ర పరీక్ష చేశాం, కార్డు మీద ఒకే గీత వచ్చింది, తనే చూసుకుంది. పరీక్ష చేయించుకున్న ఎవరికైనా ఇచ్చినట్టే ఫలితం చీటీ ఇవ్వొచ్చు. కానీ ఆ చీటీ అత్త చేతికి వెళితే ఇప్పటికి గండం గడుస్తుంది, మళ్ళీ నెల ఇంకో చీటీ కావాలి. ఆ వీధిలో మిగతా కోడళ్ళకూ అదే దారి చూపించినట్టవుతుంది. పైగా నెలసరి ఎందుకు రాలేదన్న ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు. జవాబు చెప్పాలంటే ఇంజెక్షన్ సంగతి చెప్పాలి. అది చెప్పే హక్కు తనది, నాది కాదు. చీటీ తన పేరు మీదే ఇచ్చి, ఏం చేయాలో నువ్వే తేల్చుకో అన్నాను.

కొడుతున్నారా అని విడిగా అడిగాను. "కొట్టరు మేడమ్. మాట్లాడరు" అంది. ఇలాంటప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. దెబ్బలుంటే సంగతి బయటపెట్టమని సలహా ఇవ్వడం ప్రమాదం. అప్పుడు 181 నంబరు, ఒంగోలు వన్ స్టాప్ సెంటర్ లాంటి వేరే దారులు చూడాలి. ఇక్కడ ఆ పరిస్థితి లేదు కాబట్టి, ఎవరికి ముందు చెప్పొచ్చు అన్న దగ్గరికి వచ్చాం. భర్తకే అంది.

ఏది పనిచేసింది

తన ఫోన్ నుంచే, స్పీకర్ పెట్టి, నా ఎదురుగా చేసింది. ఇంజెక్షన్ మాట వినగానే భర్త ఫోన్ పెట్టేశాడు. రాత్రి పని దిగాక తనే తిరిగి చేశాడట. మర్నాడు నాతో మాట్లాడాడు. తనకు చెప్పకుండా వేయించుకుందన్న కోపం కంటే, ఇక పిల్లలు పుట్టరేమో అన్న భయమే ఆయన గొంతులో ఎక్కువ వినబడింది. నెలసరి ఎందుకు ఆగిందో, చివరి ఇంజెక్షన్ తర్వాత ఎన్నాళ్ళకు మళ్ళీ గర్భం వస్తుందో చెప్పాను. అప్పుడు ఆయనే అన్నాడు: "మేడమ్, మాకూ ఇప్పుడే వద్దు. మూడేళ్ళు ఆగుదామనే ఉంది. అమ్మకు ఏమని చెప్పాలి?"

ఈ కేసు మొత్తానికి కీలకం ఆ ప్రశ్నే. ఇద్దరికీ వద్దన్నది నిజం, కానీ అది ఆ ఇంట్లో పైకి చెప్పగలిగే కారణం కాదు. "చదువుకోవాలి" అంటే కోడలికి పొగరు. "ఇప్పుడే వద్దు" అంటే కొడుకు పెళ్ళాం మాట వింటున్నాడు. అత్త ఎదురుచెప్పలేని కారణం ఒక్కటే ఉంది, అది అక్షరాలా నిజం కూడా: సిజేరియన్ కుట్టు. కాన్పయ్యాక మళ్ళీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్ళు ఆగాలి. కుట్టు సరిగ్గా మానకముందే రెండో గర్భం నిలిస్తే నొప్పుల సమయంలో కుట్టు విచ్చుకునే ప్రమాదం పెరుగుతుంది.

అత్త ప్రతి నెలా బీపీ మాత్రలకు మా దగ్గరికే వస్తుంది. ప్రత్యేకంగా పిలిపించి ఉంటే పంచాయితీ అయ్యేది. కొడుకు ఫోన్‌లో ఇంజెక్షన్ సంగతి చెప్పాక, బీపీ చూసేటప్పుడు ఆమే ఎత్తింది. ఆమె గురించి అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఒకటి బయటికొచ్చింది. ఇరవై రెండేళ్ళకే ఆపరేషన్ క్యాంపులో పడుకోబెట్టారట. "అప్పట్నించీ నడుం లేవదు డాక్టరమ్మా. దీన్ని కూడా ఏదో ఒకటి చేస్తన్నారని నా బాధ." కోడలి మీద నిఘా వెనక అనుమానం ఉంది, నిజమే. దాని వెనక ఈ భయం కూడా ఉంది. ఉన్న నొప్పికి ఎక్స్‌రే రాసిచ్చి, కోడలి కుట్టు సంగతి చెప్పాను. ఆ తర్వాత వీధిలో ఆమే చెప్పుకుంది: డాక్టరమ్మ కుట్టు మానేదాకా ఆగమంది, అందుకే సూది వేయించాం అని. "వేయించాం" అని ఆమె నోటి వెంట రావడం మేమెవరమూ అనుకోలేదు.

మూడో డోసు గడువు డిసెంబరు మధ్యలో ఉంది. గడువు దాటినా నాలుగు వారాల దాకా వేయొచ్చు కాబట్టి తొందరపెట్టే అవసరం లేదు. ఇప్పుడు ఇంట్లో తెలిసిపోయింది గదా, అంతరే కొనసాగించొచ్చు. కానీ తనకే ఇష్టం లేదు. సంక్రాంతికి భర్త వస్తాడు, ఆ లోపు వేరేదేదైనా కావాలంది. మళ్ళీ కాపర్ టీ దగ్గరికే వచ్చాం.

నా మాటలతో తన మనసు మారలేదు. ఆశా కార్యకర్త పక్క ఊరి నుంచి ఒకామెను వెంటబెట్టుకొచ్చింది. పొగాకు బ్యారన్ దగ్గర పనిచేస్తుంది, నాలుగేళ్ళుగా కాపర్ టీ ఉంది. ఇద్దరినీ ఇంజెక్షన్ గదిలో వదిలేసి నేను ఓపీ చూసుకున్నాను. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తిరిగొచ్చేసరికి ఈ అమ్మాయి శిక్షణ కోసం పెట్టుకున్న కాపర్ టీని చేతిలో పట్టుకుని, దాని రెండు చేతులు వేళ్ళతో వంచి చూస్తోంది. దారం చెంపకు రాసుకుంది. "ఇంతేనా" అంది.

నెలసరి వచ్చేదాకా ఆగాలా అని మా స్టాఫ్ నర్సు అడిగింది. అక్కర్లేదు. ఇంజెక్షన్ గడువు లోపలే ఉంది, గర్భం లేదని తేలింది, ఏ రోజైనా పెట్టొచ్చు. హిమోగ్లోబిన్ అప్పటికి 10.8. జూన్‌లో ఇదే కాపర్ టీ పెట్టి ఉంటే నెలసరి ఎక్కువై 8.6 నుంచి ఇంకా దిగజారేదేమో. ఆ ఆరు నెలల అంతర, తెచ్చిన గొడవ పక్కన పెడితే, ఒంట్లో రక్తం కూడబెట్టింది. ముందు ఇన్‌ఫెక్షన్ లేదని చూసి, కాపర్ టీ పెట్టి, దారం మూడు సెంటీమీటర్లు వదిలాం.

తర్వాత అంతా సాఫీగా నడిచిందని కాదు. సంక్రాంతి అయ్యాక దారం తగులుతోందని భర్త ఫిర్యాదు. చాలా పొట్టిగా కత్తిరిస్తే ఇంకా గుచ్చుకుంటుంది, తర్వాత తీయడమూ కష్టం. అందుకని కత్తిరించకుండా గర్భసంచి ముఖద్వారం వెనక్కి మడిచి పెట్టాం. రోజులు గడిస్తే మెత్తబడుతుందని చెప్పాం, మెత్తబడింది. నెలసరి వేసవిలో గానీ తిరిగి రాలేదు. వచ్చాక మొదటి రెండుసార్లు ఎక్కువగా, నొప్పితో వచ్చింది. ఐబుప్రోఫెన్ మాత్రలు, ఇనుము ఇచ్చాం. ఆ రెండు నెలలు ఆశా ప్రతిసారీ ఇంటికి వెళ్ళి చూసింది. తీయించేసుకునేవాళ్ళలో ఎక్కువమంది ఆ రోజుల్లోనే తీయించుకుంటారు.

నేర్చుకున్నవి

పద్ధతి చెప్పేముందు ఇప్పుడు మేం రెండు సంగతులు అడుగుతున్నాం. మీ ఆయన ఏ నెలల్లో ఊళ్ళో ఉంటారు? మీ నెలసరి ఇంట్లో ఎవరెవరికి తెలుస్తుంది? మొదటిదాంతో రోజువారీ మాత్ర సరిపోతుందో లేదో తేలుతుంది. రెండోది అంతర ఇచ్చే ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్న. బయట కూర్చునే అలవాటున్న ఇంట్లో, భర్త వలసలో ఉన్నప్పుడు, నెలసరి ఆగిపోవడమంటే చిన్న దుష్ప్రభావం కాదు. అలాగని అంతర మంచిది కాదని కాదు. భర్తకు ముందే తెలిసిన ఇళ్ళల్లో, నెలసరి ఎవరూ పట్టించుకోని ఇళ్ళల్లో చక్కగా సాగుతోంది. రహస్యంగా వాడక తప్పని ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో నెలసరి ఆగితే ఇంట్లో ఏం చెబుతావు అన్నది మొదటి డోసుకు ముందే మాట్లాడుకుంటున్నాం.

పైకి చెప్పగలిగే కారణం వెతికిపెట్టడం కూడా కౌన్సెలింగ్‌లో భాగమే అని నా అభిప్రాయం. అది అబద్ధం కాకూడదు. కుట్టు, రక్తహీనత, బిడ్డ బరువు, ఏదో ఒకటి ప్రతి కార్డులోనూ ఉంటుంది.

ఒక సంగతి మాత్రం మింగుడుపడదు. సిజేరియన్ చేసేటప్పుడు, గర్భసంచి కుట్టేలోపే కాపర్ టీ పెట్టొచ్చు, అంతకుముందు నెలల్లోనే అడిగి ఒప్పించి ఉంటే. ఈ అమ్మాయిని కాన్పు చేసిన చోట ఎవరూ అడగలేదు. పెట్టి ఉంటే ఉగాది గర్భమూ లేదు, కిట్టూ లేదు, వీధి మాటలూ లేవు. ఇప్పుడు ఏడో నెల పరీక్షకు వచ్చిన ప్రతి గర్భిణితో ఆ మాట ఎత్తి, ఒప్పుకుంటే తల్లీబిడ్డ కార్డు మీద రాసి పంపుతున్నాం, కాన్పు ఎక్కడ జరిగినా చూసేవాళ్ళకు తెలిసేలా.

పరీక్షలు కొన్ని రాసింది, ఇంకా రెండు పేపర్లు మిగిలాయి. పాపకు మూడేళ్ళు నిండాక కాపర్ టీ తీయించుకుంటానంటోంది. తీసిన నెల నుంచే గర్భం రావచ్చు కాబట్టి అంతకు ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలని, రెండో కాన్పు ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రిలోనే జరగాలని కార్డు వెనక రాసిచ్చాం.